క్లచ్ తొక్కినా ఒక్కోసారి సెల్ఫ్ తిరగట్లేదు. నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే తిరుగుతోంది. సెల్ఫ్ మోటార్ మార్చాలా?

క్లచ్ నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే సెల్ఫ్ తిరుగుతోంది అన్నారు కదా. అలాంటప్పుడు లోపం దాదాపుగా పెడల్ దగ్గరే ఉంటుంది. మోటార్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందు డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ తీసేసి చూడండి. మందపాటి 7డి మ్యాట్ అయితే పెడల్ పూర్తిగా కిందికి పోదు. సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్ నొక్కుకునేది సరిగ్గా ఆ చివర్లోనే.

అయినా మారకపోతే టార్చి వేసి పెడల్ కాడ (లివర్) పైభాగం చూడండి. చాలా కార్లలో అక్కడ రెండు స్విచ్‌లుంటాయి. పెడల్ అడుక్కి వెళ్తే నొక్కుకునేది సెల్ఫ్‌ది. పెడల్ పైకి వచ్చినప్పుడు నొక్కుకుని ఉండేది క్రూజ్ కంట్రోల్ (బండి వేగాన్ని ఒకేలా ఉంచే ఏర్పాటు) కోసం. స్విచ్ పిన్ను తగిలే చోట కాడకి చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కి రాలిపోతుంది. అప్పుడు పిన్ను ఖాళీ రంధ్రంలోకి దూరిపోతుంది, స్విచ్ నొక్కుకోదు. పెడల్ కింద ప్లాస్టిక్ పలుకులు కనిపిస్తే మార్చాల్సింది ఆ బిళ్లనే, స్విచ్‌ని కాదు.

బిళ్ల బాగానే ఉంటే బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం తీసేసి సెల్ఫ్ స్విచ్ కనెక్టర్ ఊడదీయండి. మల్టీమీటర్ పెడితే రెండు పిన్నుల స్విచ్ సాధారణంగా నొక్కినప్పుడు 1 ఓమ్ లోపు చూపాలి, వదిలితే ఓపెన్ (కనెక్షన్ తెగినట్టు) చూపాలి. కనీసం 20 సార్లు నొక్కి చూడండి, ఒక్కోసారి మొరాయించే స్విచ్ ఒక్క నొక్కుకు దొరకదు. రీడింగ్ ఒక్కోసారి ఒక్కోలా వస్తే లోపలి కాంటాక్టులు పాడైనట్టే.

స్కానర్‌లో పి0704 అనే ఎర్రర్ కోడ్ వస్తే స్విచ్ పోయిందని తేల్చేయకండి. ఆ కోడ్ చెప్పేది స్విచ్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే. కనెక్టర్‌లో పట్టిన చిలుముకీ, ఎలుక కొరికిన వైరుకీ కూడా అదే వస్తుంది.

స్విచ్ వైర్లు రెండూ కలిపేసి 'డైరెక్ట్ చేసేద్దాం' అని ఎవరన్నా ఒప్పుకోకండి. గేర్‌లో ఉన్న బండి తాళం తిప్పగానే ముందుకు దూకుతుంది. ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటుంటారు.

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే అది క్లచ్ స్విచ్ పని కాకపోవచ్చు, ఇంజన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సర్ కూడా చూపించండి. ఐడిల్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ తనంతట తానే ఆగే ఏర్పాటు) పనిచేయకపోతే క్లచ్ స్విచ్‌తో పాటు గేర్‌బాక్స్ మీది న్యూట్రల్ స్విచ్ కూడా చూడాలి. ఇది వేరే సంగతి గానీ, రివర్స్ లైట్లు వెలగకపోతే ఫ్యూజు, బల్బులు చూశాక ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, గేర్‌బాక్స్ మీది రివర్స్ స్విచ్ కనెక్టర్ ఊడదీసి వైర్ల వైపు కనెక్టర్‌లోని రెండు పిన్నులూ వైరుతో కలపండి. లైట్లు వెలిగితే స్విచ్ పోయినట్టు. అది విప్పేటప్పుడు కొన్ని బండ్లలో గేర్ ఆయిల్ కారుతుంది, కింద ట్రే పెట్టుకుని కొత్త వాషర్‌తో బిగించండి.