హైదరాబాద్ నుంచి డల్లాస్: పన్నెండున్నర గంటలా, ఇరవై మూడా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి జూన్‌లో మొదటిసారి వెళ్తున్నాను, ఒక్కదాన్నే. దూరం 14,400 కిలోమీటర్లని ఫోన్‌లో చూశాను. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందంటారు కాబట్టి 16 గంటలు పట్టాలి. టికెట్లో చూస్తే తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి అదే రోజు సాయంత్రం 4.30కి చేరుతుందని ఉంది. అల్లుడేమో 23 గంటలంటున్నాడు. ఏది నమ్మాలి? దుబాయ్‌లో విమానం మారాలంటే టెన్షన్‌గా కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ అల్లుడి లెక్కే సరైనది. ఏళ్ల తరబడి టికెట్లు బుక్ చేస్తున్నాను, మొదటిసారి వెళ్లే ప్రతి తల్లీ అడిగే ప్రశ్నే ఇది.

14,400 అనేది భూగోళం మీద అతి దగ్గరి దారి. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. కానీ హైదరాబాద్ నుంచి అలా నేరుగా వెళ్లే విమానం లేదు. మీరు ముందు దుబాయ్‌కి సుమారు 2,550, అక్కణ్ణుంచి డల్లాస్‌కి సుమారు 12,900 కిలోమీటర్లు వెళ్తారు. నాలుగు గంటలు, మధ్యలో మూడు గంటల ఆగుడు, తర్వాత పదహారు గంటలు. మొత్తం 23.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. జూన్‌లో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. 23 లోంచి అది తీసేస్తే మీ పన్నెండున్నర వస్తుంది. నవంబరులో వాళ్లు గడియారం మారుస్తారు, అప్పుడు తేడా పదకొండున్నర. తిరుగు ప్రయాణంలో ఇదంతా ఎదురు తిరుగుతుంది: ఆదివారం మధ్యాహ్నం ఎక్కితే ఇంటికి చేరేది సోమవారం రాత్రికి. పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి వచ్చేటప్పుడు గాల్లో ఉండే సమయం కొంచెం తగ్గుతుంది.

ఇక దుబాయ్ సంగతి. ఒకే టికెట్ కాబట్టి పెట్టెలు నేరుగా డల్లాస్‌కే వెళ్తాయి. హైదరాబాద్ కౌంటర్లోనే రెండు బోర్డింగ్ పాసులూ అడిగి తీసుకోండి. రెండోదాని మీద గేటు నంబరు లేకపోయినా కంగారు పడకండి. దిగాక స్క్రీన్ల మీద మీ ఫ్లైట్ నంబరు పక్కన కనిపిస్తుంది. భాష భయమైతే వీల్‌చైర్ ఇప్పుడే పెట్టించండి. నడవలేనివాళ్లకే కదా అని మొహమాటపడే అమ్మలు చాలామంది. పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులకూ అడగొచ్చు. మనిషి వచ్చి గేటు దాకా తీసుకెళ్తాడు.

చవగ్గా వస్తోందని న్యూయార్క్ మీదుగా మాత్రం మార్చుకోకండి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించడం, అన్నీ అక్కడే. మీ టికెట్‌తో ఆ పని డల్లాస్‌లో అవుతుంది, బయట అమ్మాయి ఉంటుంది.

బీపీ, షుగర్ మాత్రలు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. టైము మారినప్పుడు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగండి. ఆవకాయ సీసా మాత్రం పెద్ద పెట్టెలోనే, చేతిసంచిలో పెడితే సెక్యూరిటీలో తీయించేస్తారు.