క్రైస్తవ సందేశాన్ని వ్యాపింపజేయడంలో సంఘాలు వ్యాపారం నుంచి ఏమి నేర్చుకోవచ్చు?

అన్నిటికంటే ముందు, ఎదుటివారి మాట వినడం నేర్చుకోవచ్చు. 1955లో కాలిఫోర్నియాలోని గార్డెన్ గ్రోవ్‌కు వచ్చిన పాస్టరు రాబర్ట్ షుల్లర్, మంచి వర్తకుడు సరుకు దింపే ముందు ఊరిని తెలుసుకున్నట్టే, ఇంటింటికీ తిరిగి, చర్చికి వెళ్లనివారిని వారికి ఎలాంటి చర్చి కావాలో అడిగి తెలుసుకున్నారు. ఆరాధనకు హాలు దొరకకపోవడంతో ఒక డ్రైవ్-ఇన్ సినిమా థియేటరును తీసుకొని, అక్కడి చిరుతిళ్ల దుకాణం పైకప్పు మీద నిలబడి బోధించారు. వచ్చినవారు తమ కార్లలోనే కూర్చుని విన్నారు. వికలాంగులకూ వృద్ధులకూ అది ఎంత ఆదరణగా ఉండి ఉంటుందో ఆలోచించండి.

రెండవది, ఫలితాన్ని నిజాయితీగా కొలవడం. 1975లో ఇల్లినాయ్‌లో మొదలై వేలమందిని ఆకర్షించిన విల్లో క్రీక్ సంఘం, కార్యక్రమాలలో ఎక్కువగా పాల్గొన్నంత మాత్రాన దేవునిపై ప్రేమ పెరగడం లేదని తన సొంత సర్వేలో తేలినప్పుడు, ఆ సంగతిని 2007లో బహిరంగంగా ఒప్పుకుంది. హాజరు పట్టీని చూసి సంతృప్తిపడే సంఘాలన్నీ ఆ ధైర్యాన్ని నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అయితే కొనుగోలుదారుకు నచ్చకపోతే వ్యాపారి సరుకునే మార్చగలడు. సంఘం పద్ధతిని మార్చవచ్చు గాని, సిలువను గురించిన, పశ్చాత్తాపాన్ని గురించిన మాటను మార్చజాలదు. ఖర్చు విషయంలోనూ జాగ్రత్త అవసరం: షుల్లర్ పరిచర్య 1980లో పూర్తిచేసిన గాజు మందిరం, క్రిస్టల్ కెథడ్రల్, 2010లో ఆ సంస్థ దివాలాకు దరఖాస్తు చేయడంతో, చివరకు కాథలిక్ డయోసిస్‌కు (ఒక బిషప్పు కింద ఉండే సంఘాల మండలానికి) అమ్ముడుపోయింది.