రిపేరు ఎస్టిమేట్ చూసి కంగారుపడి కొత్త కారు లోన్ తీసుకోకు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. పదకొండేళ్ల కారు, చెక్ ఇంజన్ లైటు వెలిగింది, డీలర్ దగ్గరికి తీసుకెళ్తే నువ్వు కారుకి పెట్టిన డబ్బుకి దగ్గర్లో ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. చేయించాలా, బయట చూపించాలా అని అడిగావు. అది సరే. చివర్లో ఒక మాట రాశావు చూడు, "ఇంత తగలేసే బదులు కొత్తది తీసుకోమంటున్నారు రూమ్మేట్లు" అని. నాకు టెన్షన్ వచ్చింది అక్కడ. రూమ్మేట్లు వాయిదాలు కట్టరు కదా!

అమెరికా వచ్చిన కొత్తలో నేను నడిపింది కూడా ఒక సీనియర్ ఇండియా వెళ్లిపోతూ అమ్మిన పాత సెడానే. ఓ చలికాలం పొద్దున డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ వెలిగింది. కంపెనీ బోర్డున్న డీలర్ అయితే మోసం ఉండదని అప్పట్లో నా నమ్మకం. లోపల సోఫాలు, కాఫీ, మర్యాదగా మాట్లాడే సర్వీస్ అడ్వైజర్. కాసేపటికి ఆయన తెచ్చిన కాగితం మీద క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే పార్టు), ముందు చక్రాలని బండికి పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లు, ఇంజన్ పైమూత దగ్గర ఆయిల్ కారకుండా ఆపే వాల్వ్ కవర్ గాస్కెట్, వెనక బ్రేకులు, ఆ కింద ఏవేవో ఫ్లష్‌లు, ఫిల్టర్లు. అడుగున టోటల్. ఆ అంకెను రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక ఇక బుర్ర పనిచేయలేదు. ఆయనేమో చాలా మెత్తగా, "ఇది సేఫ్టీ విషయం, ఈ బండి మీద ఇంత పెట్టమని నేనైతే చెప్పను, పక్కనే మా సేల్స్ వాళ్లున్నారు, మీ పాతదానికి మంచి రేటే ఇస్తారు" అన్నాడు.

సాయంత్రానికి కొత్త కారులో ఇంటికొచ్చాను. క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి వడ్డీ మామూలుగా లేదు. నెలవారీ వాయిదా తక్కువగా కనబడాలని 72 నెలలకి సాగదీశారు. నా వీసా గడువు అందులో సగం కూడా లేదు! ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. కొన్నాళ్లకి ప్రాజెక్టు అయిపోయింది. హెచ్ వన్ బీ మీద ఉద్యోగం పోతే ఇంకో యజమానిని వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. కారు అమ్మేద్దామంటే వచ్చే డబ్బు కన్నా బాకీ ఎక్కువ. అమ్మాలన్నా పైనించి నేనే వేసుకోవాలి. ఆ రెండు నెలలూ అందరూ పడుకున్నాక లాప్‌టాప్ ముందేసుకుని చేసిన లెక్కలు ఇప్పటికీ మర్చిపోలేదు. ఉద్యోగం దొరికింది, ఎవరి దగ్గరా చేయి చాచకుండా గడువుకి ముందే లోన్ మొత్తం తీర్చేశాను. ఈ రోజు మా ఇంట్లో తిరిగేవి రెండూ పాత కార్లే, మా ఆయనకి నచ్చినా నచ్చకపోయినా.

ఆ ఎస్టిమేట్ కాగితం ఇంకా నా ఫైల్లోనే ఉంది. ఇప్పుడు తీసి చదివితే అందులో మూడు రకాల సరుకు కనబడుతుంది: ఇవాళే చెయ్యాల్సింది, ఆగగలిగింది, ఊరికే అమ్మజూపింది.

టోటల్‌లో పెద్ద ముక్క కన్వర్టర్‌ది. దానికి ఆధారంగా రాసింది కారు కంప్యూటర్ ఇచ్చిన పీ0420 అనే కోడ్. ఆ కోడ్ చెప్పేది కన్వర్టర్ పనితనం తగ్గినట్టు కంప్యూటర్‌కి అనిపించిందని మాత్రమే. ఎగ్జాస్ట్ గొట్టంలో ఎక్కడైనా గాలి లీకైనా, వెనక ఆక్సిజన్ సెన్సర్ పాడైనా అదే కోడ్ రావచ్చు. ఒకవేళ నిజంగానే కన్వర్టర్ పోయినా, ఎందుకు పోయిందో చూడాలి. ఇంజన్ ఆయిల్ తాగుతున్నా, మిస్‌ఫైర్ అవుతున్నా (అంటే ఇంధనం సరిగ్గా మండకపోయినా) కొత్త కన్వర్టర్ కూడా అదే దారి పడుతుంది. నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "కోడ్ కాకుండా ఇంకేం పరీక్ష చేశారు?" అడగలేదు, ఎందుకంటే అడగొచ్చని తెలియదు. 1996 మోడల్ నుంచి ఇక్కడ అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్, అంటే కారు కంప్యూటర్‌కి స్కానర్ తగిలించే చోటు, ఉంటుంది. చిన్న స్కానర్ కొనుక్కుంటే కోడ్ నువ్వే చదువుకోవచ్చు. కన్వర్టర్‌కి ఫెడరల్ ఎమిషన్ వారంటీ 8 ఏళ్లు లేదా 80 వేల మైళ్లు, ఏది ముందైతే అది. నీ కారుకి దాటిపోయింది కానీ, ఇంకా అంత పాతబడని కారు ఉన్నవాళ్లకి పనికొస్తుందని చెబుతున్నా.

వెనక బ్రేకుల దగ్గర "5 మిల్లీమీటర్లు" అని రాశారు. కొత్త ప్యాడ్ మందం దాదాపు 10, మార్చాల్సింది 3 దగ్గరికొచ్చాక. అంటే ఆ బ్రేకులకి ఇంకా కొంత ఆయుష్షుంది, ఇవాళే మార్చక్కర్లేదు. వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ "చెమర్చింది" అనే రాశారు, కారుతోందని కాదు. చెమ్మ అయితే డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసుకుంటూ నడపొచ్చు. వేడి ఎగ్జాస్ట్ మీద పడి కాలిన వాసన వస్తుంటే అప్పుడు ఆగకూడదు. కంట్రోల్ ఆర్మ్‌లంటే మాత్రం తేలిగ్గా తీసుకోకు. దాని చివర కుదుపుని తట్టుకునే బుషింగ్ రబ్బరు పగుళ్లిచ్చిందా, చక్రం వైపు తిరిగే కీలు లాంటి బాల్ జాయింట్ వదులైందా అన్నది తేడా. మొదటిది కొన్నాళ్లు ఆగుతుంది, రెండోది ఆగదు. కారు లిఫ్ట్ మీద ఉన్నప్పుడు "నాకు చూపించండి" అని అడుగు. నిజంగా వదులైతే చక్రం పట్టుకుని ఊపినప్పుడు నీ కంటికే తెలుస్తుంది.

కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ సంగతి చెబితే నవ్వుతావు. చాలా కార్లలో అది గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది. డబ్బా కిందికి దించి, పాతది లాగేసి, బాణం గుర్తు సరిగ్గా చూసి కొత్తది తోసెయ్యడమే. దానికి కూడా లేబర్ వేశారు!

అలాగని డీలర్లంతా దొంగలని నేననను. వాళ్ల లేబర్ రేటు ఎక్కువ, వేసేది కంపెనీ పార్టు, పనికి ఇంత టైమని పుస్తకంలో ఉన్నదాని ప్రకారం గంటలు కడతారు. మెకానిక్ అంతకన్నా ముందే ముగించినా బిల్లు పుస్తకం ప్రకారమే. కానీ తాళాల ప్రోగ్రామింగ్, ఎయిర్‌బ్యాగుల లాంటివి వాళ్ల దగ్గరికే తీసుకెళ్తాను. ఒక్కోసారి అదనంగా చెప్పేది నిజంగా మన మంచికే. టైమింగ్ బెల్ట్ మారుస్తూ వాటర్ పంపు కూడా మార్చమంటే, చాలా ఇంజన్లలో విప్పేది అదే చోట కాబట్టి రెండోసారి లేబర్ తప్పుతుంది. దానికి ఒప్పుకో. రీకాల్ పనైతే, అంటే భద్రతా లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిందైతే, డీలర్ ఉచితంగా చేస్తాడు. కారు గుర్తింపు సంఖ్య, అదే 17 అక్షరాల విన్ నంబర్, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొడితే నీ కారు మీద ఏమైనా ఉందో తెలుస్తుంది. రాతపూర్వక ఎస్టిమేట్, పాత పార్టులు వెనక్కి అడగడం లాంటి హక్కులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, మీ రాష్ట్రం సైట్లో చూసుకో.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెబుతా. డీలర్‌కి డయాగ్నసిస్ ఫీజు కట్టేసి, ఎస్టిమేట్ కాగితం తీసుకుని వచ్చెయ్. ఆ ఫీజు దండగ అనుకోకు. మీ కారు బ్రాండు ఎక్కువగా చేసే, ఏఎస్ఈ సర్టిఫికెట్ (మెకానిక్‌లకి పరీక్ష పెట్టి ఇచ్చేది) ఉన్న ఇండిపెండెంట్ మెకానిక్‌ని వెతుకు. అతనికి డీలర్ కాగితం ముందే చూపించకు. ఏ శబ్దం, ఎప్పుడు వస్తోంది, ఏ లైటు వెలిగింది, అవి చెప్పి చూడమను. అతనూ అదే చెబితే చాలావరకు నమ్మొచ్చు. ధరలు పోల్చేటప్పుడు పార్టు కంపెనీదా, బయటిదా, బాగుచేసి అమ్మేదా, వారంటీ ఎన్నాళ్లో అడుగు. లేకపోతే చవగ్గా కనబడినదాని వెనక కథ తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. చెక్ ఇంజన్ లైటు నిలకడగా కాకుండా కొట్టుకుంటుంటే, ఆయిల్ ఎర్ర లైటు వెలిగితే, టెంపరేచర్ ముల్లు పైకెక్కితే, బ్రేకులు ఇనుము రాసుకున్నట్టు గీసుకుంటుంటే, బండి పక్కకి ఆపి టో ట్రక్ పిలువు. టో ట్రక్ పిలవకుండా మిగుల్చుకున్న డబ్బుతో ఇంజన్ రాదు.

మళ్లీ లోన్ దగ్గరికొస్తున్నా, విసుక్కోకు. మనవాళ్లందరూ రిపేరు ఖర్చుని కారు విలువతో పోలుస్తారు. "నాలుగు వేల కారుకి మూడు వేల రిపేరా?" అంటారు. ఆ పోలికతో ఏం తేలదు, రిపేరు చేయించావంటే కారు ఇంకెన్నాళ్లు నడుస్తుందన్నదే లెక్క. దాన్ని కొత్త కారు వాయిదాలతో పోల్చు. వాయిదా ఒక్కటే కూడా కాదు. లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్లు కొలిజన్, కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ (నీ కారుకి జరిగే నష్టానికి కూడా వర్తించేవి) తప్పనిసరి అంటారు, పైన అమ్మకం పన్ను, రిజిస్ట్రేషన్. నీ పాత కారు నీ సొంతం, రాష్ట్రం అడిగిన మేరకు ఇన్సూరెన్స్ ఉంటే చాలు. ఆ మొత్తం ఏడాదికి వేసి చూడు, రిపేరు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో నీకే తెలుస్తుంది. నువ్వు ఇంజనీరువి, ఈ పాటి లెక్క నేను నేర్పాలా?

కింద చాసిస్ తుప్పు పట్టి తినేసినా, ట్రాన్స్‌మిషన్ జారుతున్నా ఇక ఆశ పెట్టుకోకు. అప్పుడు కూడా చేతిలో ఉన్న డబ్బుకి వచ్చే ఇంకో పాత కారు కొను, కొనేముందు మెకానిక్‌కి చూపించి. నెలనెలా వాయిదా కడుతున్నట్టే కొంత పక్కన పెడుతూ ఉండు, వచ్చే ఎస్టిమేట్‌కి అదే పనికొస్తుంది.

డీలర్‌తో బేరమాడొచ్చా అని అడిగావు. ఆడొచ్చు. సర్వీస్ మేనేజర్‌ని పిలిచి, కాగితం మీద అక్కర్లేని లైన్లు కొట్టేసి, "ఇది ఒక్కటి చేస్తే ఎంత?" అని అడుగు. డీలర్ సైట్లో కూపన్లుంటాయి, అవి ముందే చూసుకెళ్లు. వారంటీ ఈ మధ్యే దాటిన కార్లకి కంపెనీ కొంత భరించిన సందర్భాలు ఉన్నాయి కానీ, పదకొండేళ్ల బండికి అది అడిగి మొహం చూపించుకోలేవు. రెండో ఎస్టిమేట్ వచ్చాక రెండిటి ఫోటోలూ పంపించు, ఏ లైను ఆపొచ్చో నాకు తెలిసినంత చెబుతాను. అప్పటిదాకా లోన్ కాగితాల మీద మాత్రం సంతకం పెట్టకు.