లేచి మాట్లాడాలంటే నోరెండిపోయే మీ చెల్లెలి గురించి

సెమినార్ ఉన్న రోజల్లా మీ చెల్లెలు కాలేజీ ఎగ్గొడుతోందని, "భయపడకు" అని ఎంత చెప్పినా లాభం లేదని రాశారు. ఆ మాట నాకూ చాలామంది చెప్పారు. భయం తగ్గలేదు సరికదా, భయపడటం కూడా తప్పేనేమో అన్న దిగులు తోడైంది.

మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. పొదుపు సంఘం లెక్కలు నేనే రాసేదాన్ని. ఒకసారి మేం కట్టిన కిస్తీ వేరే గ్రూపు ఖాతాలో జమైంది. రసీదు నా చేతిలోనే ఉంది. మీటింగులో లేచి చెబితే రెండు నిమిషాల పని. గుండె దడదడ, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, రసీదు టపటపా కొట్టుకుంటోంది. లేవలేకపోయాను. అది సరయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ వడ్డీ పదిమందీ కట్టారు. ఇప్పటికీ తలచుకుంటే బాధే.

నలుగురి కళ్లూ మనమీద పడగానే ఏదో ప్రమాదం అనుకుని ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది. దడ, వణుకు, నోరెండటం దానివల్లే. కాసేపు నిలబడితే సర్దుకుంటుంది. తప్పించుకుంటే మాత్రం అప్పటికి హమ్మయ్య అనిపించినా, మళ్లీసారికి భయం ఇంకాస్త ముదురుతుంది.

నాకు దారి చూపింది మా అత్త. సారా వ్యతిరేక ఉద్యమం రాజుకుంది మా మండలంలోని దూబగుంటలోనే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ ఉద్యమంలో, అప్పటిదాకా గడప దాటి మాట్లాడని ఆడవాళ్లు అధికారులను నిలదీశారు. మా అత్తా వాళ్లలో ఉంది. అంత ధైర్యం ఎక్కడిదని అడిగితే, "ధైర్యం యాడిది? రాత్రిబడిలో పాఠం పైకి చదివేవాళ్లం. ఎదురుగా ఉండేది మనోళ్లే గదా. అట్టా నోరు తిరిగింది" అనింది.

నేనూ అట్టనే మొదలుపెట్టాను. ముందు వరండాలో ముగ్గురికి నెల లెక్కలు చదివి వినిపించాను. తర్వాత గ్రూపులో. ఆ తర్వాతే గ్రామ సంఘంలో, అదీ ఒక్క వాక్యం. పల్చటి కాగితం బదులు అట్ట పుస్తకం పట్టుకునేదాన్ని, వణుకు కనపడదు. లేచేముందు ఊపిరి నిదానంగా వదిలేదాన్ని. మొదటి వాక్యం మటుకే బట్టీ పట్టేదాన్ని. మొత్తం బట్టీ పడితే ఒక్క మాట జారినా అక్కడే ఆగిపోతాం.

చదువే మానేస్తాననేదాకా వస్తే, తిండీ నిద్రా పోతే, సైకియాట్రిస్టుకి చూపించండి. దీనికి కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ రాత్రి అన్నాలు తిన్నాక సెమినార్ మొదటి పేరా మీకు పైకి చదివి వినిపించమనండి. మధ్యలో తప్పులు దిద్దకండి. రేపు మీ అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.