గ్యారేజీ కబుర్లు: బీరువా తలుపుల లింకన్ కొనమంటారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే కారు మీద వచ్చాయి. ఆ కారు నా గ్యారేజీలోనూ ఉంది కాబట్టి, కార్బ్యురేటర్ల మీద అడిగినవాళ్లు ఏమీ అనుకోకుండా వచ్చే నెల దాకా ఆగాలి.

ప్రశ్న: నమస్కారమండీ. మాది ప్లేనో, టెక్సస్. ఐటీ ఉద్యోగం, వయసు నలభై మూడు. ఇక్కడికి గంట దూరంలో ఒక పెద్దాయన 1962 లింకన్ కాంటినెంటల్ సెడాన్ అమ్ముతున్నారు. చూసి వచ్చినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు. మా ఆవిడేమో "అరవై ఏళ్ల ఇనుముకి అంత డబ్బా?" అంటోంది. పాత కార్లు సేకరించే కలెక్టర్లు దీనికోసం ఎందుకంత పడి చస్తారు? నన్ను కొనమంటారా?

జవాబు: మీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు బాబూ. అది ఇనుమే. కాకపోతే దాన్ని ఎలా మలిచారో ఒకసారి నిదానంగా చూడండి.

లింకన్ అంటే ఫోర్డ్ కంపెనీ ఖరీదైన కార్లకి పెట్టుకున్న పేరు. 1958 నుంచి 1960 దాకా వచ్చిన లింకన్లు రోడ్డు మీద ఓడల్లా ఉండేవి. దాదాపు 19 అడుగుల పొడవు, ఎక్కడ పడితే అక్కడ వంపులు, మెరుపులు. వాటి మీద ఫోర్డ్ కంపెనీకి నష్టాలే మిగిలాయి. అప్పుడు ఫోర్డ్‌లో పైస్థాయిలో ఉన్న రాబర్ట్ మెక్‌నమారా లింకన్ పేరే ఎత్తేద్దామన్న ఆలోచనలో ఉన్నాడు. ఆ సమయంలో ఎల్వుడ్ ఎంగెల్ అనే డిజైనర్ థండర్‌బర్డ్ కోసం చేసిన మట్టి నమూనా ఆయన కంటపడింది. థండర్‌బర్డ్ రెండు తలుపుల కారు. దీన్నే కాస్త సాగదీసి నాలుగు తలుపుల లింకన్ చేయగలరా అని మెక్‌నమారా అడిగాడు. 1961 కాంటినెంటల్ అలా పుట్టింది. అది షోరూముల్లో కుదురుకునేసరికి ఆయన ఫోర్డ్‌లోనే లేడు, అధ్యక్షుడు కెనెడీకి రక్షణ మంత్రిగా వాషింగ్టన్ వెళ్లిపోయాడు.

అప్పట్లో మిగతా అమెరికన్ కార్లకి రెక్కలు, తోకలు ఉండేవి. దీనికి అవేవీ లేవు. పక్కలు నున్నగా, గోడ కట్టినట్టు తిన్నగా ఉంటాయి. ముందు నుంచి వెనక దాకా ఫెండర్ల అంచు మీద ఒక సన్నటి మెరుపు పట్టీ, అంతే. కంచిపట్టు చీరకి ఒంటి పేట జరీ అంచు వేసినట్టు ఉంటుంది. చీర సంగతి మీకన్నా మీ ఆవిడకి బాగా తెలుస్తుంది, ఆవిడకి ఇలాగే చెప్పి చూడండి.

ఇక తలుపులు. మన ఊళ్లో బీరువా తెరిస్తే రెండు రెక్కలూ నడిమి నుంచి చెరో వైపుకి విచ్చుకుంటాయి కదా, అచ్చం అలాగే. వెనక తలుపు కీళ్లు వెనకవైపు ఉంటాయి. అదేదో షోకు కోసం పెట్టారనుకుంటారు, కాదు. నమూనా కారులో వెనక సీట్లోంచి దిగుతుంటే ఇంజనీర్ల కాళ్లు తలుపుకి తగిలేవట. తలుపుని అటు తిప్పి బిగిస్తే ఆ గొడవ తీరింది. అవసరానికి చేసిన ఆ పనే ఇప్పుడు కలెక్టర్లకు మొదటి ఆకర్షణ అయింది.

నాకు మాత్రం తలుపు కన్నా అది మూసుకునే చప్పుడు ఇష్టం. నెమ్మదిగా తోస్తే చాలు, 'ధబ్'మని కాకుండా 'టుప్'మని పడుతుంది. కారు బరువు రెండు టన్నుల పైమాటే. విడిగా ఛాసిస్ (కింది చట్రం) ఉండదు, బాడీ అంతా ఒకే గూడులా అతికించి ఉంటుంది. లోపల 430 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్, 300 హార్స్‌పవర్. ప్రతి ఇంజన్‌నీ నిమిషానికి 3,500 చుట్ల వేగంతో మూడు గంటలు తిప్పి, విప్పి చూసి, మళ్లీ బిగించేవాళ్లమని కంపెనీ గొప్పగా చెప్పుకునేది. తయారైన ప్రతి కారునీ 12 మైళ్లు రోడ్డు మీద నడిపి చూసేవారు. 24 నెలలు లేదా 24,000 మైళ్ల వారంటీ ఇచ్చారు. ఆ రోజుల్లో అమెరికాలో ఇంకే కార్ల కంపెనీ అంత వారంటీ ఇవ్వలేదు.

ఈ కార్లు తయారైన విక్సమ్ ఫ్యాక్టరీ మా మిషిగన్‌లోనే ఉండేది. నోవైలో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే మన తెలుగువాళ్లకి ఆ ఊరు పక్కనే. 2007లో ఫ్యాక్టరీ మూసేశారు, తర్వాత పడగొట్టేశారు. తెనాలి నుంచి వచ్చి ఈ కార్ల ఊళ్లో ముప్పయ్యేళ్లు పనిచేసిన నాకు, ఆ దారిన వెళ్తుంటే ఇప్పటికీ తల అటు తిరుగుతుంది.

కొనొచ్చా అని కదా మీరు అడిగింది. కొనొచ్చు, కానీ బాడీ చూసి కొనండి. ఇంజన్ పాడైతే విప్పి బాగుచేసుకోవచ్చు. ఛాసిస్ లేని కారుకి కింద తుప్పు పడితే మాత్రం ఎముకలకు చెద పట్టినట్టే.

నా అనుభవం చెప్తాను. 1994లో ఒహాయోలో ఒకాయన దగ్గర 1961 సెడాన్ కొన్నాను. నల్లరంగు అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపులో నా మొహం చూసుకుని మురిసిపోయి అక్కడికక్కడే చెక్కు రాసిచ్చేశాను. ఇంటికి తెచ్చిన వారానికి మా చిన్నాడు ఫ్రిజ్ మీది తిరుపతి అయస్కాంతం తీసుకెళ్లి కారుకి అంటించి ఆడుకుంటున్నాడు. ముందు తలుపు మీద అంటుకుంది. తలుపు కింద, గడప ఉండేచోట పెడితే జారి పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. "డాడీ, స్వామివారు ఇక్కడ నిలబడట్లేదు" అన్నాడు. గీకి చూస్తే లోపల రేకు లేదు, వేలెడు మందాన పుట్టీ! కారుకి పెట్టిన డబ్బు కన్నా ఆ గడపలు రెండూ కొత్తగా కట్టించడానికే ఎక్కువైంది. మా ఆవిడ నెల రోజులు దాని పేరు ఎత్తలేదు. అది తిట్టడం కన్నా టెన్షన్.

కాబట్టి అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. తలుపుల కింద గడపలు, వెనక చక్రాల పైవంపులు, డిక్కీలో కార్పెట్ ఎత్తి అడుగు రేకు, అన్నిచోట్లా ఆనించి చూడండి. కారుని లిఫ్ట్ ఎక్కించి చూస్తానంటే అమ్మేవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. మెరుపు పట్టీలు, దీపాల చుట్టూ ఉండే భాగాలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. ఇంజన్ సామాను దొరికినంత తేలిగ్గా అవి దొరకవు.

ఇంకొక్క మాట. రేపు ధర పెరుగుతుందని కొనేటట్టయితే వద్దు. 1961లో కప్పు తీయడానికి వీల్లేని సెడాన్లు 22,303 తయారైతే, టాపు తీసే కన్వర్టిబుల్స్ 2,857 మాత్రమే. వేలంపాటలో పరుగెత్తేవి ఆ రెండో రకం. సెడాన్ కూర్చోవడానికి, నలుగురిని ఎక్కించుకుని తిరగడానికి. నా ఓటు దానికే. కన్వర్టిబుల్ టాపులో ఉన్నన్ని మోటార్లు, రిలేలు, స్విచ్చులు నేను మా ఇంట్లో కూడా చూడలేదు. ఒక్కటి మొరాయిస్తే టాపు ఆకాశానికేసి నోరు తెరుచుకుని ఉండిపోతుంది, అప్పుడే వాన వస్తుంది.

ప్రశ్న: మావారు 1963 కాంటినెంటల్ కొన్నారు. వానలో వైపర్లు ముక్కుతూ మూలుగుతూ కదులుతున్నాయి. ఇంజన్ ఆపితే అసలు కదలవు. మెకానిక్ వైపర్ మోటారుకి కరెంటు వైర్లు వెతికి వెతికి, లేవంటున్నాడు. — ఒక సోదరి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ఆ మెకానిక్‌ని ఏమీ అనకండి. అక్కడ ఎలక్ట్రిక్ మోటారు లేదు, వైర్లు ఎక్కడ దొరుకుతాయి? ఈ కారు వైపర్లు ఆయిల్ ఒత్తిడితో తిరుగుతాయి. పవర్ స్టీరింగ్‌ని నడిపే పంపే వాటినీ నడుపుతుంది. అందుకే ఇంజన్ ఆపగానే అవీ ఆగిపోతాయి. ముందు స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి మట్టం చూడమనండి. తగ్గి ఉంటే ఎక్కడో కారుతోందన్నమాట. వైపర్ మోటారు దగ్గర గొట్టాల చుట్టూ గుడ్డతో తుడిచి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, మళ్లీ చూడమనండి. తడి తగిలితే దొంగ దొరికినట్టే. అన్నీ బాగున్నప్పుడు ఆ వైపర్లంత చప్పుడు లేకుండా తిరిగేవి నేనింకెక్కడా చూడలేదు.

తలుపుల లాకులు కూడా కరెంటువి కావు, ఇంజన్ పీల్చే గాలితో పనిచేస్తాయి. రేపు అవి మొరాయించినా వైర్లు వెతకొద్దని చెప్పండి, రబ్బరు గొట్టాలు చూడమనండి.

ప్రశ్న: అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంటారు. వాళ్లని వెనక కూర్చోబెట్టి తిప్పాలని కోరిక. ఏ సంవత్సరం మోడల్ కొనాలి? మా గ్యారేజీ లోతు 20 అడుగులు. — షికాగో

జవాబు: 1964 లేదా ఆ తర్వాతిది చూడండి. మొదటి మూడేళ్ల కార్లకి చక్రాల మధ్య దూరం 123 అంగుళాలు. బయట అంత పెద్ద కారు, లోపల వెనక సీట్లో మాత్రం మోకాళ్లు ముందు సీటుకి ఆనతాయి. 1964లో మూడంగుళాలు పెంచారు, అదంతా వెనకవాళ్లకే దక్కింది. దానికోసం ఒకటి వదులుకోవాలి. 1963 దాకా పక్క అద్దాలు వంపుగా ఉండేవి, 1964లో వాటిని చదును చేసేశారు. కలెక్టర్లు పాతవాటికి మొగ్గేది ఆ వంపు చూసే. అమ్మగారి మోకాళ్లకి ఆ వంపుతో పనేముంది? 1965 దొరికితే ఇంకా మంచిది, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వచ్చాయి. రెండు టన్నుల బండిని డ్రమ్ బ్రేకులతో ఆపడమంటే హైవే మీద దేవుణ్ణి తలుచుకోవాలి.

గ్యారేజీలో పడుతుంది. కారు 18 అడుగుల చిల్లర. లోపలికి పోయాక మీరు గోడకి ఆనుకుని పక్కగా నడవాల్సి ఉంటుంది. పెట్రోలుకి మాత్రం గుండె గట్టి చేసుకోండి, గ్యాలన్‌కి పది పన్నెండు మైళ్లు వస్తే గొప్ప.

ప్రశ్న: కెనెడీ మీద కాల్పులు జరిగింది ఈ కారులోనేనా? దాన్ని ఇప్పుడు చూడొచ్చా? — ఎనిమిదో తరగతి విద్యార్థి, ఫ్రీమాంట్

జవాబు: ఔను నాన్నా. 1961 కన్వర్టిబుల్‌ని సిన్సినాటిలో హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ అనే సంస్థ మధ్యలో కోసి, పొడవు పెంచి తయారుచేసింది. చాలామందికి తెలియనిదేంటంటే, 1963 తర్వాత దాన్ని పక్కన పడేయలేదు. గట్టి కప్పు వేసి, కవచం తొడిగి, 1977 దాకా అధ్యక్షులకే వాడారు. ఇప్పుడు డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. మిషిగన్ వస్తే చూడు, ముట్టుకోనివ్వరు.

ప్రశ్న: పాత కారుకి వాహన పూజ చేయించొచ్చా? — ప్లేనో (మొదటి ఉత్తరం రాసినవారే, మర్నాడు పంపారు)

జవాబు: అంటే కొనేశారన్నమాట! చేయించండి. నేనూ చేయించాను. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కారు ముందుకి తీస్తే, ఆ బరువుకి రసం పిచికారీలా ఎగిరి పంతులుగారి కొత్త పట్టుపంచె మీద పడింది. ఆయన్ని రెండడుగులు వెనక్కి నిలబడమనండి.