స్కిన్ సీటు వస్తే పిల్లల వైపు వెళ్తానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి హౌస్‌సర్జన్సీ చేస్తోంది. నీట్ పీజీలో డెర్మటాలజీ వస్తే పిల్లల చర్మవ్యాధుల మీద రిసెర్చ్ చేస్తానంటోంది. చక్కగా లేజర్ క్లినిక్ పెట్టుకోక ఇదేంటి? అసలు అందులో పనేముంటుంది?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: లేజర్ క్లినిక్ ఎక్కడికీ పోదండీ. అది పెట్టుకునేవాళ్లూ, పిల్లల చర్మం చూసేవాళ్లూ చదివేది అదే మూడేళ్ల ఎండీ డీవీఎల్, అంటే చర్మవ్యాధుల పీజీ. సుఖవ్యాధులు, కుష్ఠు కూడా అందులోనే. పిల్లల వైపు మళ్లేవాళ్లు ఆ తర్వాత ఫెలోషిప్ అనే ప్రత్యేక శిక్షణ చేస్తారు. అమెరికాలోనైతే డెర్మటాలజీ రెసిడెన్సీ, అంటే అక్కడి పీజీ, అయ్యాక మరో ఏడాది.

పనేముంటుందన్నారు. ఆర్నెల్ల పాపకు గజ్జి వచ్చిందనుకోండి. పెద్దవాళ్లకు మామూలుగా మెడ నుంచి కిందికి పెర్మెత్రిన్ క్రీము రాస్తారు. పాపకైతే తల, అరికాళ్లు కూడా వదలకూడదు. మందు రాసిన చెయ్యి నోట్లో పెట్టుకోకుండా చూడాలి. దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ అదే రాత్రి రాసుకోవాలి. 'నాకెందుకమ్మా' అనే అమ్మమ్మను ఒప్పించడమే అసలు వైద్యం! స్టెరాయిడ్ క్రీముల సంగతీ అంతే. బరువుతో పోలిస్తే పసివాళ్ల ఒంటి మీద చర్మం ఎక్కువ, అందుకే మందు లోపలికి ఇంకేదీ ఎక్కువే. మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబుతో చర్మం పలచబడ్డ పిల్లలు మీ అమ్మాయి ఓపీకి తప్పకుండా వస్తారు.

రిసెర్చ్ అంటే ల్యాబూ ఎలుకలే కాదు. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు ఒక సంగతి బయటపెట్టారు. గుండె జబ్బుకని ఒక బిడ్డకు ప్రొప్రనలాల్ ఇస్తే, మర్నాటికల్లా హీమాంజియోమా, అదే ఎర్రటి రక్తనాళాల గడ్డ, మెత్తబడి రంగు మారింది. రోగి పక్కన నిలబడి చూసినవాళ్లకే దొరికింది అది. 2014లో అమెరికా ఆ మందును పసిపిల్లల సిరప్‌గా ఆమోదించింది. పాలు పట్టాకో, పడుతూనో ఇవ్వాలి, లేదంటే షుగర్ పడిపోయే ప్రమాదం. ఇక 2023లో, తాకితే చాలు బొబ్బలెక్కే డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలైసిస్ బులోసాకు పుండు మీద రాసే జన్యు జెల్ వచ్చింది. మేనరికాలున్న మన ఇళ్లలో ఇలాంటి వంశపారంపర్య జబ్బులు చూసేవాళ్ల అవసరం వేరే చెప్పాలా?

డబ్బు సంగతి దాచను. జిల్లా కేంద్రంలో పిల్లల చర్మం ఒక్కటే చూస్తానంటే క్లినిక్ నడవడం కష్టం. పగలు పిల్లల ఆసుపత్రిలో చేసి, సాయంత్రం సొంత క్లినిక్‌లో అందరినీ చూస్తే ఇబ్బంది ఉండదు. లేజరూ అక్కడే పెట్టుకోవచ్చు, మీ కోరికా తీరుతుంది.

సీటు వచ్చాక మొదటి ఏడాదిలోనే థీసిస్ అంశం తేల్చమంటారు. సీనియర్లు వదిలేసిన టాపిక్కే పట్టుకోకుండా, అటోపిక్ డెర్మటైటిస్ (దురదతో వచ్చే ఎగ్జిమా) లాంటి పిల్లల ఓపీలో కేసులు దొరికే అంశం గైడ్‌ను అడగమనండి. ఈలోపు పిల్లల వార్డు పోస్టింగ్‌లో ఒంటి మీద దద్దుర్లున్న ప్రతి బిడ్డ కేసు షీటూ తనే రాయాలి.