పెళ్లికి ఐదు వారాలే ఉంది, ట్యూబ్ మానేస్తే ముఖం మండుతోంది.. మేకప్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 24. మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. మే నెలలో మిర్యాలగూడలో పెళ్లి, ఇంకా ఐదు వారాలే ఉంది. మొటిమలు, మచ్చలు ఉన్నాయని మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. నాలుగు నెలలుగా రోజూ రాత్రి రాస్తున్నాను. మొదట్లో ముఖం తెల్లగా, నున్నగా అయింది. ఇప్పుడు రెండు మూడు రోజులు రాయకపోతే బుగ్గలు ఎర్రబడి మంట, సన్న పొక్కులు. ఎండలోకి వెళ్తే ఇంకా ఎక్కువ. పార్లర్ వాళ్లు పెళ్లికి రెండు రోజుల ముందు బ్లీచ్, గోల్డ్ ఫేషియల్ చేసి, ఆ రోజు హెచ్‌డీ మేకప్ వేస్తామంటున్నారు. నా ముఖం తట్టుకుంటుందా? నలుగు పెట్టించుకోవచ్చా? మా బోరు నీళ్ల వల్ల ఇలా అవుతోందా? – ఒక సోదరి

జవాబు: మేకప్ సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబ్ సంగతి చూద్దాం. దాని మీద సన్నక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టిరాయిడ్. దానికి రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పైపొరను ఒలిపించే ట్రెటినాయిన్ కూడా కలిసి ఉంటే, అది మంగు మచ్చలకు కొద్ది వారాలు మాత్రమే, అదీ డాక్టర్ చూస్తుండగా వాడాల్సిన మందు. మొటిమలకు ఇచ్చేది కాదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనిది కూడా.

స్టిరాయిడ్ రాసిన కొత్తలో చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి, వాపు తగ్గుతుంది. అందుకే ముఖం తెల్లబడినట్టు, నున్నబడినట్టు కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచనవుతుంది, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలతాయి, కొందరికి పైపెదవి మీద, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతాయి. మందు ఆపిన రెండు మూడు రోజుల్లోనే అణిగి ఉన్న రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మీరు చెప్పిన మంట, ఎరుపు, పొక్కులు అవే. పాత జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ రాస్తారు, కొన్ని గంటల్లో చల్లబడుతుంది, ఇక మానలేరు. చాలామంది ఆడపిల్లలు ఇలాగే ఏళ్ల తరబడి ఒకే ట్యూబ్‌తో బతుకుతున్నారు. ఇందులో మీ తప్పేమీ లేదు.

మీ చేతిలో ఐదు వారాలున్నాయి కాబట్టి ఇప్పుడే మానే ప్రయత్నం మొదలుపెట్టండి. అయితే సొంతంగా టక్కున ఆపకండి. ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టర్‌ను కలవండి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. నెలల తరబడి వాడిన ఘాటైన స్టిరాయిడ్‌ను సాధారణంగా తక్కువ శక్తి ఉన్న దానికి మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత మూడు రోజులకోసారి అంటూ తగ్గిస్తారు. మంట అణచడానికి టాక్రోలిమస్ లాంటి స్టిరాయిడ్ లేని మందు, పొక్కులు ఎక్కువైతే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. మొదటి రెండు వారాలు ముఖం ఇప్పటికన్నా అధ్వానంగా ఉండవచ్చు. అప్పుడే ఇంట్లోవాళ్లు కంగారుపడి మళ్లీ ఆ ట్యూబ్ తెచ్చి చేతిలో పెడతారు. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ముహూర్తం నాటికి మంట, పొక్కులు చాలావరకు తగ్గే అవకాశం ఉంది. పూర్తిగా మామూలు కావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. మిగిలిన ఎరుపును మేకప్ కప్పుతుంది. పెళ్లి పది రోజుల్లోనే ఉంటే మాత్రం ఇదే సలహా ఇవ్వను. అప్పుడు తక్కువ శక్తి మందుతో ఆ రోజు గట్టెక్కి, తర్వాత మానిపించడమే మేలు.

ఈ ఐదు వారాలూ ముఖానికి నాలుగే పనులు. సబ్బు కాకుండా నురగ తక్కువ వచ్చే, వాసన లేని ఫేస్‌వాష్‌తో రోజుకు రెండుసార్లు చల్లటి నీళ్లతో కడగడం. తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ రాయడం. బయటికి వెళ్లే ముందు జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 లేదా 50 సన్‌స్క్రీన్, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు చారలు పిండుకుని ముఖానికి, మెడకు రాయడం. మంట పుట్టినప్పుడు చల్లటి నీళ్లలో పిండిన మెత్తటి నూలు గుడ్డను పది నిమిషాలు వేసుకోవడం. నిమ్మరసం, టూత్‌పేస్ట్, కలబంద, స్క్రబ్, పక్కింటివాళ్లు చెప్పిన డబ్బా క్రీమ్ ఏదీ వద్దు. ముఖ్యంగా పేరు, కంపెనీ చిరునామా లేని నైట్ క్రీమ్ డబ్బాలు. వాటిలో స్టిరాయిడే కాదు, పాదరసం కూడా ఉండవచ్చు, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

బోరు నీళ్ల గురించి అడిగారు. మన నల్గొండ జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ప్రధానమైన హాని పళ్లకు, ఎముకలకు, అదీ తాగడం వల్ల. మీ ముఖం మంటకు కారణం ఆ ట్యూబే. కాకపోతే బోరు నీళ్లు గట్టివైతే సబ్బు సరిగా వదలదు, దాని జిడ్డు చర్మం మీదే నిలిచి పొడిబారుస్తుంది. ముఖం వరకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ, ఫిల్టర్ నీళ్లు గానీ వాడండి.

పార్లర్ ప్యాకేజీలో బ్లీచ్ తీసేయించండి. బ్లీచ్‌లో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా. అది ముఖం మీది నూగును బంగారు రంగుకు మారుస్తుంది, చర్మం రంగును కాదు. పలుచబడ్డ చర్మం మీద అది కాలిన గాయం చేయవచ్చు, ఆ మచ్చ నెలల పాటు ఉండవచ్చు. ఫేషియల్‌లో ఆవిరి, రుద్దుడు, మసాజ్ మూడూ మీకు పడవు, కాబట్టి అదీ వద్దు. ఇలాంటి సమస్య లేని పెళ్లికూతుళ్లు కూడా ఫేషియల్‌ను ముహూర్తానికి రెండు వారాల ముందే ముగించాలి, ఎందుకంటే ఫేషియల్ తర్వాత పొక్కులొస్తే అవి మానడానికి అంత సమయం పడుతుంది. కనుబొమ్మల థ్రెడింగ్ నాలుగు రోజుల ముందు చేయించుకోండి. ముఖానికి వ్యాక్సింగ్ మాత్రం వద్దు, మీ ట్యూబ్‌లో ట్రెటినాయిన్ ఉంటే చర్మం వ్యాక్స్ పట్టీతో పాటు ఊడి రావచ్చు.

మేకప్ ట్రయల్ కనీసం పది రోజుల ముందు చేయించుకోండి. అంతకుముందే ఫౌండేషన్, దాని కింద రాసే ప్రైమర్, పెట్టుడు రెప్పల జిగురు కొద్దికొద్దిగా తెచ్చుకుని పరీక్షించాలి. శనగగింజంత ఫౌండేషన్, ప్రైమర్ వేర్వేరు చోట్ల మోచేతి లోపలివైపు రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాయండి. జిగురు చెవి వెనక చుక్కంత పెట్టి రెండు రోజులు చూడండి. దురద, దద్దు వచ్చినదాన్ని పక్కన పెట్టేయండి. చేతి మీద తట్టుకున్నదాన్ని ట్రయల్ రోజు ముఖానికి వేయించుకుని అయిదారు గంటలు ఉంచి, ఆ తర్వాత రెండు రోజులు ముఖాన్ని గమనించండి. అలర్జీ అదే రోజు బయటపడాలని లేదు, రెండో రోజో మూడో రోజో కూడా రావచ్చు.

హెచ్‌డీ అన్న పేరు చూసి ఖర్చు పెట్టకండి. మీకు కావాల్సింది రంధ్రాలు పూడ్చని, వాసన లేని ఫౌండేషన్, పలుచటి పొర. ఎర్రబడ్డ చోట మాత్రమే ఎరుపును కప్పే ఆకుపచ్చ కరెక్టర్ క్రీమ్ చుక్కలుగా అద్ది, దాని మీద ఫౌండేషన్ తడి స్పాంజితో తట్టించండి. రుద్దనివ్వకండి. షేడ్‌ను చేతి మీద కాదు, దవడ అంచున గీసి, కిటికీ వెలుతురులో పది నిమిషాల తర్వాత చూడండి, గాలి తగిలాక కొన్ని ఫౌండేషన్లు ముదురుతాయి. మీ మెడ రంగుకు కలిసేదే మీ షేడ్. ఒకటి రెండు షేడ్లు తెల్లగా వేయమని చుట్టాలు అడుగుతారు. అలా వేస్తే ఫొటోల్లో ముఖం బూడిద రంగులో, మెడ వేరే రంగులో కనిపిస్తుంది. చామనఛాయ జబ్బు కాదమ్మా, ఈ ట్యూబుల వ్యాపారమంతా దాన్ని జబ్బని నమ్మించడం మీదే నడుస్తోంది.

మేలో మన దగ్గర పగలు 43, 44 డిగ్రీలు మామూలే. మాయిశ్చరైజర్ రాశాక పది నిమిషాలు ఆగి మేకప్ మొదలుపెట్టమనండి. మేకప్ గదిలో ఏసీ లేకపోతే కూలర్‌కు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూస్తే గది చెమ్మగిల్లుతుంది, చెమట ఆరదు, ముక్కు పక్కన, కళ్ల కింద మేకప్ ముద్దకట్టి పగుళ్లిస్తుంది. చెమట పడితే టిష్యూతో అద్దాలి, తుడవకూడదు. అద్దిన తర్వాతే కొంచెం పౌడర్. తడి మీద పౌడర్ మీద పౌడర్ వేస్తే తలంబ్రాల నాటికి మట్టిపూతలా పెచ్చులు లేస్తుంది.

బ్యూటీషియన్ పదిమందికి వాడిన బ్రష్‌లు, స్పాంజిల నుంచి కురుపులు, కళ్లకలక, పెదవి మీద జ్వరపు పొక్కులు అంటుకుంటాయి. స్పాంజి, లిప్‌స్టిక్, కాటుక, మస్కారా మీవే కొనుక్కుని తీసుకెళ్లండి. బ్రష్‌లను షాంపూతో కడిగి ఆరబెట్టి తెమ్మనండి. అడగడానికి మొహమాటపడకండి, డబ్బులిస్తున్నది మీరు. రంగు లెన్సులు పెట్టుకుంటే మేకప్‌కు ముందే పెట్టుకుని, మేకప్ తీసే ముందే తీసేయాలి. హోమం పొగలో కళ్లు మండినా, ఎర్రబడినా అక్కడికక్కడే తీసేయండి.

నలుగు మానుకోనవసరం లేదు. మైలపోలు రోజు చేతులకు, కాళ్లకు మామూలుగానే పెట్టనివ్వండి. ముఖానికి మాత్రం శాస్త్రానికి బుగ్గకింత ముట్టించి, పిండి పెట్టి రుద్దకుండా, ఐదు నిమిషాల్లో నీళ్లతో కడిగేయమని ముత్తయిదువులకు మీ అమ్మగారితో చెప్పించండి. పసుపు ఇంట్లో కొమ్ములు దంచినదైతే మంచిది, విడి పసుపులో బట్టల రంగులు కలిపే మోసం ఉంది. బాసింగం దారం ఒరుసుకునే చోట పలుచటి దూది పెట్టుకోండి. స్టిక్కర్ బొట్టు కింద దురద పుడితే ఇక అది వాడకండి, దాని జిగురులోని రసాయనం కొందరిలో తెల్లమచ్చ తెస్తుంది.

గోరింటాకు కోన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అసలైన గోరింట నారింజ రంగుతో మొదలై ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా పండుతుంది. గంటలోనే నల్లగా పండే కోన్‌లో జుట్టు రంగుకు వాడే పీపీడీ అనే రసాయనం ఉంటుంది. దాని పొక్కులు రెండు రోజుల నుంచి వారం లోపు లేస్తాయి, అంటే సరిగ్గా ముహూర్తానికి. ఒకసారి ఆ అలర్జీ వస్తే జీవితాంతం పీపీడీ ఉన్న జుట్టు రంగు వేసుకున్నప్పుడల్లా బాధపడాలి.

ఆ రాత్రి ఎంత అలసిపోయినా మేకప్‌తో పడుకోకండి. రెప్పల జిగురును నూనె అద్దిన దూదితో అర నిమిషం నానబెట్టి తీయాలి, లాగకూడదు. ముఖాన్ని మేకప్ తీసే మైసెల్లార్ నీళ్లతో రెండుసార్లు తుడిచి, తర్వాత మామూలు ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్. మేకప్ తర్వాత కనురెప్పలు, పెదవులు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబ్ వెంట తీసుకెళ్లండి, ఎన్ని నెలలు, రోజుకెంత రాశారో ఉన్నదున్నట్టు చెప్పండి. పెళ్లి తేదీతో పాటు పిల్లల గురించి మీ ఆలోచన కూడా చెప్పండి. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్స్ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తాయి, ఆపిన నెల రోజుల దాకా గర్భం రాకూడదు. డాక్సీసైక్లిన్, ట్రెటినాయిన్ కూడా గర్భిణులకు ఇవ్వం. ఆ మాట ముందే తెలిస్తే డాక్టర్ మీకు వేరే మందులు ఎంచుతారు.